పక్కన యుద్ధం జరుగుతుంటే చిన్న దేశం వ్యాపారం ఏమవుతుంది? మోల్డోవా, జార్జియా, ఆర్మేనియా లెక్కలు

ప్రశ్న క్లుప్తంగా ఇది: 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీదికి దిగినప్పుడు, చుట్టుపక్కల చిన్న దేశాలన్నీ కుదేలవుతాయని అన్నారు. మోల్డోవా నిజంగానే కుదేలైంది. జార్జియా, ఆర్మేనియా మాత్రం అదే ఏడాది రెండంకెల వృద్ధి చూపించాయి. యుద్ధం ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఎందుకు? ఈ దేశాలు రష్యా మీద ఆధారపడటం తగ్గిందా, పెరిగిందా? ఎంఏ ప్రాజెక్టు కోసం అడుగుతున్నానని, ఏ లెక్కలు చూడాలో కూడా చెప్పమని రాశారు.

నేను ఆర్థికవేత్తను కాను. నల్ల సముద్రం రేవులకు సరుకు పంపే ఫ్రైట్ ఫార్వర్డింగ్ పనిలో, దానికి సంబంధించిన ఎల్‌సీ (పేపర్లు సరిగ్గా ఉంటే అమ్మినవాడికి డబ్బిస్తానని బ్యాంకు రాసిచ్చే హామీ) పేపర్ల పనిలో చాలాకాలంగా ఉన్నాను. జార్జియాలోని పోతి, రొమేనియాలోని కాన్‌స్టాంట్సా రేవులు, పోతి నుంచి ఆర్మేనియా రాజధాని యెరెవాన్ దాకా వెళ్లే లారీలు నాకు రోజూ ఉండే వ్యవహారమే. అందుకని సరుకు వైపు నుంచే చెబుతాను.

సూటిగా జవాబు: దెబ్బ ఎంత అన్నది యుద్ధం ఎంత దూరంలో ఉందో దాన్ని బట్టి ఉండదు. ఆ దేశానికి గ్యాసు, సరుకు, డబ్బు ఏ దారిన వస్తున్నాయి, ఆ దారి మూసుకుపోతే ఇంకోటి దొరకడానికి ఎన్నాళ్లు పడుతుంది అన్నదే లెక్క. మోల్డోవా వాడుకునే దారులు మూసుకుపోయాయి. వేరేచోట్ల మూసుకుపోయిన దారుల సరుకు, మనుషులు, డబ్బు జార్జియా, ఆర్మేనియాల మీదుగా మళ్లాయి. అందుకే ఒకరికి నష్టం, ఇద్దరికి లాభం. అయితే ఆ లాభం ఎక్కడ వచ్చిందో సరిగ్గా అక్కడే రష్యా మీద ఆధారపడటం పెరిగింది. జీడీపీ అంకె చూసి ఆగిపోయేవాళ్లకు ఈ రెండో సంగతి కనబడదు.

ముందు మోల్డోవా. పాతిక లక్షల చుట్టూ జనాభా. సముద్రం లేదు. దక్షిణ కొసన జుర్జులెష్టి దగ్గర డాన్యూబ్ నది ఒడ్డు కిలోమీటరు కూడా తగలదు, సముద్రపు ఓడలు రాగల ఒక్క రేవూ అక్కడే. 2021 దాకా గ్యాసంతా రష్యా కంపెనీ గాజ్‌ప్రోమ్ నుంచే వచ్చేది. కరెంటులో ఎక్కువ భాగం ట్రాన్స్‌నిస్ట్రియాలోని కుచుర్‌గాన్ ప్లాంటు నుంచి వచ్చేది, అది నడిచేదీ రష్యా గ్యాసుతోనే. ట్రాన్స్‌నిస్ట్రియా అంటే మోల్డోవా సరిహద్దుల లోపలే ఉన్నా రష్యా అండతో విడిగా నడుస్తున్న ప్రాంతం. సముద్రం మీద వచ్చే సరుకుకు ఉక్రెయిన్‌లోని ఒడెసా రేవులు పెద్ద దారి. అంటే ఇంధనం, కరెంటు, రేవు, మూడూ యుద్ధం చేస్తున్న ఇద్దరిలో ఎవరో ఒకరి చేతిలో ఉన్నాయి.

2022 అక్టోబరుకల్లా అక్కడ ద్రవ్యోల్బణం 34 శాతం దాటింది. ఆ ఏడాది జీడీపీ సుమారు 5 శాతం తగ్గింది. అదంతా యుద్ధం పుణ్యమే అనలేం, ఆ ఏడు అక్కడ కరువు కూడా గట్టిగానే వచ్చింది. నవంబరులో రష్యా ఉక్రెయిన్ గ్రిడ్ మీద క్షిపణులు వేసినప్పుడు 15న, 23న మోల్డోవాలో కూడా పెద్ద ఎత్తున కరెంటు పోయింది. రొమేనియా నుంచి కరెంటు కొనుక్కోవచ్చు కదా అంటారా? కొన్నారు. కానీ రొమేనియా నుంచి వచ్చే 400 కిలోవోల్టుల లైను వుల్కనెష్టి మీదుగా కుచుర్‌గాన్‌కు వెళ్లి, అక్కణ్ణించే రాజధాని కిషినౌకు రావాల్సి వచ్చేది. అమ్మేవాడు మారాడు గానీ తీగ పాత చోటు నుంచే వచ్చింది. వుల్కనెష్టి నుంచి కిషినౌకు నేరుగా కొత్త లైను వేసే పని అందుకే పెట్టుకున్నారు. మీ ప్రాజెక్టులో ఎవరి దగ్గర కొంటున్నారు అన్నదీ, ఏ దారిన వస్తోంది అన్నదీ ఒకే పట్టికలో కలిపేయకండి. ఇవి రెండూ వేర్వేరు రకాలుగా ఆధారపడటం.

సరుకు సంగతి దగ్గరగా చూపిస్తాను. యుద్ధం మొదలైన వారంలో కిషినౌ కొనుగోలుదారు ఒకరికి మేం బుక్ చేసిన కంటైనర్లు ఒడెసా దారిలో ఉన్నాయి. షిప్పింగ్ లైను వాటిని కాన్‌స్టాంట్సాలో దించేసి, మా ప్రయాణం ఇక్కడితో అయిపోయింది అని మెయిల్ పెట్టింది. బిల్ ఆఫ్ లేడింగ్ (షిప్పింగ్ లైను ఇచ్చే సరుకు రసీదు) షరతుల్లో ఆ హక్కు వాళ్లకు ఉంటుంది. ఎల్‌సీలో దింపే రేవు ఒడెసా అని ఉంది, సరుకు ఉన్నది రొమేనియాలో. ఎల్‌సీ సవరించందే ఏ పేపరూ కదలదు. రొమేనియా యూరోపియన్ యూనియన్ కాబట్టి, అక్కణ్ణించి సరిహద్దు దాకా తేవాలంటే టీ1 ట్రాన్సిట్ పత్రం (సుంకం కట్టని సరుకును ఆ దేశం దాటించే కాగితం) కావాలి, దానికి సుంకం మొత్తానికి గ్యారంటీ కట్టాలి. అదే దారిలో అందరూ ఒకేసారి పడ్డారు కనుక లారీ దొరకడమే గగనం. ఈలోగా రేవులో డెమరేజ్ (కంటైనర్లు ఆలస్యంగా తీసుకుంటే కట్టే రుసుము) రోజు రోజుకీ ఎక్కుతూనే ఉంది. సరుకు చెడిపోలేదు, పోలేదు, చివరికి చేరింది కూడా. కానీ దాని మీద లాభం మొత్తం దారిలోనే కరిగిపోయింది. చిన్న దేశంలో దిగుమతి చేసుకునేవాళ్లలో చాలామంది చిన్నవాళ్లే. వాళ్లకు ఇలాంటివి వరసగా రెండు తగిలితే వర్కింగ్ క్యాపిటల్ ఉండదు.

రైల్లో తేవచ్చు కదా అని కొందరు అడుగుతారు. మోల్డోవా పట్టాలు సోవియట్ కాలపు 1520 మిల్లీమీటర్ల వెడల్పు, రొమేనియావి 1435. సరిహద్దు దగ్గర చక్రాలైనా మార్చాలి, సరుకైనా మార్చాలి.

ఇక జార్జియా. జనాభా 37 లక్షల చుట్టూ. 2008లో రష్యాతో స్వయంగా యుద్ధం చేసిన దేశం. 2022 మార్చిలో అక్కడా భయమే. డాలరుకు 3 లారీల (ఇక్కడ లారీ అంటే బండి కాదు, జార్జియా కరెన్సీ) చుట్టూ ఉన్న మారకం 3.3 దాటింది. లండన్ బీమా మార్కెట్ వాళ్లు ప్రమాదకర జలాల జాబితాను రొమేనియా, జార్జియాలకు దగ్గరి జలాల దాకా పెంచారు. పోతికి సరుకు పంపేవాళ్లకు వార్ రిస్క్ సర్‌చార్జీ వచ్చి పడింది. ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి, పుస్తకాల్లో అంతగా రాయరు: సరుకు మీద తీసుకునే వార్ కవర్‌ను బీమా కంపెనీ ఏడు రోజుల నోటీసుతో రద్దు చేసుకోవచ్చు. పైగా అది సముద్రం మీద ఉన్నంతసేపే వర్తిస్తుంది, లారీ ఎక్కాక వర్తించదు. పోతిలో దింపి యెరెవాన్‌కు లారీలో పంపే సరుకుకు మిగతా దారంతా ఆ రక్షణ ఉండదు. ఈ ముక్క చెబితే కొనేవాళ్లు ఉలిక్కిపడేవాళ్లు.

తర్వాత మూడు నాలుగు నెలలకే గాలి మారింది. రష్యా నుంచి జనం రావడం మొదలైంది, ముఖ్యంగా ఐటీ వాళ్లు. సెప్టెంబరులో రష్యా సైనిక సమీకరణ ప్రకటించాక రష్యా నుంచి జార్జియాకు వచ్చే అప్పర్ లార్స్ సరిహద్దు దగ్గర కార్లు కిలోమీటర్ల పొడవున నిలిచాయి. వాళ్లతోపాటే వాళ్ల డబ్బు వచ్చింది. రష్యా నుంచి జార్జియాకు 2021లో బదిలీ అయిన సొమ్ము 41 కోట్ల డాలర్ల చుట్టూ ఉంటే, 2022లో 200 కోట్లు దాటింది. ఒక్క ఏడాదిలో దాదాపు ఐదు రెట్లు! ఇదంతా కూలీలు ఇంటికి పంపుకున్న జీతం కాదు, వలస వచ్చినవాళ్లు తమ వెంట తెచ్చుకున్న పొదుపు అందులో చాలా ఉంది. లారీ కరెన్సీ కోలుకుని ఏడాది చివరికి డాలరుకు 2.7 దగ్గరికి బలపడింది. రాజధాని టిబిలిసిలో అద్దెలు కొండెక్కాయి. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లకు పండగ, అద్దెకుండే విద్యార్థులకు టెన్షన్. జీడీపీ పెరుగుదలలో ఈ రెండూ ఒకే అంకెలో కలిసిపోతాయి.

ఆర్మేనియా కథ ఇంకా పదునైనది. టర్కీతో సరిహద్దు 1993 నుంచి మూసే ఉంది, అజర్‌బైజాన్‌తో అంతే. బయటికి పోవాలంటే జార్జియా, లేదంటే ఇరాన్. రష్యాకు వెళ్లే లారీ జార్జియా దాటి అదే అప్పర్ లార్స్ దగ్గరికి రావాలి, మంచు చరియలు పడితే రోజుల తరబడి నిలబడాలి. అలాంటి దేశం 2022లో 12.6 శాతం పెరిగింది. రష్యాతో వ్యాపారం 2021లో సుమారు 260 కోట్ల డాలర్లు, 2023 నాటికి 700 కోట్లు దాటింది.

అంత కొత్త ఫ్యాక్టరీలు ఎక్కడ పెట్టారు అంటే, పెట్టలేదు. ఫోన్లు, ఎలక్ట్రానిక్స్, కార్లు, యంత్రాలు బయటి నుంచి వచ్చి రష్యాకు పోయాయి. పాశ్చాత్య కంపెనీలు రష్యాకు నేరుగా అమ్మడం ఆపేశాయి, ఆర్మేనియా రష్యా ముందుండి నడిపే యురేషియా ఆర్థిక కూటమిలో 2015 నుంచి సభ్యురాలు. యెరెవాన్‌లో సుంకం కట్టి విడిపించిన సరుకు రష్యాకు మళ్లీ సుంకం లేకుండా పోతుంది. కూటమిలో చేరడం వల్ల వచ్చిన ఈ సౌకర్యం యుద్ధం వచ్చాక బంగారు బాతైంది.

కానీ ఆ డబ్బు అందరికీ లాభం చేయలేదు. ఆర్మేనియా కరెన్సీ డ్రామ్ బలపడింది. 2022 మొదట్లో డాలరుకు 480 చుట్టూ ఉన్నది, ఏడాది చివరికి 400 లోపుకొచ్చింది. లక్ష డాలర్ల సరుకు అమ్మే ఎగుమతిదారుకు మొదట 4 కోట్ల 80 లక్షల డ్రాములు చేతికొచ్చేవి, తర్వాత 4 కోట్లు కూడా రావట్లేదు. జీతాలు, కరెంటు, పన్నులు మాత్రం డ్రాముల్లోనే, పైగా పెరుగుతూ. ఏళ్ల తరబడి కష్టపడి యూరప్‌లో మార్కెట్ కట్టుకున్న చిన్న తయారీదారులకు ఇది గట్టి దెబ్బ. ఏమీ తయారు చేయకుండా సరుకు దాటించేవాడికి మారకంతో పనే లేదు, డాలర్లలో కొని ఆ ధర మీద తన శాతం వేసుకుంటాడు. అంటే యుద్ధం తెచ్చిన డబ్బు, నిజంగా ఏదైనా తయారు చేసేవాణ్ణి పక్కకు నెట్టి, మధ్యవర్తిని ముందుకు తెచ్చింది. నా దృష్టిలో పక్కనున్న యుద్ధం చేసే అసలు నష్టం ఇదే. ఇది ఏ త్రైమాసిక నివేదికలోనూ నష్టంగా నమోదు కాదు.

ఇప్పుడు ఆధారపడటం తగ్గిందా పెరిగిందా అన్న ప్రశ్న. దీనికి వైన్ చూడండి. 2006 వసంతంలో రష్యా జార్జియా వైన్‌నూ, మోల్డోవా వైన్‌నూ నాణ్యత బాగాలేదని ఆపేసింది. రెండు దేశాలకూ అప్పట్లో రష్యానే ప్రధాన మార్కెట్. జార్జియా వాళ్లు నానా తంటాలు పడి ఉక్రెయిన్, కజకిస్తాన్, పోలండ్, చైనాల్లో అమ్మకం పెంచుకున్నారు. ఆ ఒత్తిడిలో నాణ్యత కూడా బాగుపడింది. 2013లో రష్యా తలుపు తెరిచింది. చూస్తుండగానే మళ్లీ అటే మొగ్గారు. 2022 వచ్చేసరికి జార్జియా వైన్ ఎగుమతుల్లో రష్యా వాటా మూడింట రెండు వంతులకు దగ్గర. రెండో పెద్ద మార్కెట్‌గా ఉన్న ఉక్రెయిన్ యుద్ధంతో పడిపోయింది, దాంతో రష్యా వాటా ఇంకా పెద్దదిగా కనబడింది.

మోల్డోవాకు వేరేలా జరిగింది. సరిగ్గా జార్జియాకు తలుపు తెరిచిన ఏడాదే, 2013 సెప్టెంబరులో, మోల్డోవా వైన్‌ను రష్యా రెండోసారి ఆపేసింది. యూరోపియన్ యూనియన్ 2014 జనవరి నుంచి కోటా లేకుండా దానికి తలుపు తెరిచింది. రెండు దెబ్బలు తిన్నాక వెనక్కి వెళ్లే ఆశ పోయింది, పక్కనే ఇంకో పెద్ద మార్కెట్ దొరికింది. ఆ రెండూ కలవబట్టే వాళ్లు నిజంగా మళ్లారు. ఒక్క నిషేధంతో అలవాటు మారదు. జార్జియా వైన్‌కూ యూరప్‌లో సుంకం లేదు గానీ, జార్జియా వైన్ పేరు తెలిసిన కొనుగోలుదారులు, భాష తెలిసిన ఏజెంట్లు, కొండ దాటితే చేరే గోడౌన్లు అన్నీ రష్యాలోనే ఉన్నాయి. చిన్న వ్యాపారికి దేశభక్తి కన్నా వచ్చే నెల పేమెంటు ముఖ్యం. ఇందులో తప్పు పట్టేదేమీ లేదు.

గోధుమ ఇంకో రకం. జార్జియా దిగుమతి గోధుమలో 90 శాతం పైగా రష్యాదే. రష్యా 2021లో గోధుమ ఎగుమతి మీద ధరతోపాటు మారే సుంకం పెట్టింది, పిండి మీద పెట్టలేదు. ఫలితంగా రష్యా పిండి చవకగా దిగడం మొదలైంది, జార్జియా పిండి మిల్లులు మూలపడ్డాయి. చివరికి 2023లో జార్జియా ప్రభుత్వం రష్యా పిండి మీద టన్నుకు 200 లారీల (జార్జియా కరెన్సీ) చొప్పున రుసుము వేసింది. ఇక్కడ శత్రుత్వంతో చేసిందేమీ లేదు, మాస్కో తన సొంత ధరల కోసం ఒక సుంకం మార్చుకుంటే పక్క దేశంలో ఒక పరిశ్రమ ఊగిపోయింది. 2022 మార్చిలో రష్యా ధాన్యం ఎగుమతి ఆపినప్పుడు కూటమిలో ఉన్న ఆర్మేనియాకూ మినహాయింపు లేదు, లైసెన్సుల మీద తెచ్చుకోవాల్సి వచ్చింది.

రాజకీయం కలిస్తే ఇంకా వేగంగా జరుగుతుంది. 2023 ఏప్రిల్‌లో ఆర్మేనియా పాల ఉత్పత్తుల మీద రష్యా తనిఖీ సంస్థ ఆంక్ష పెట్టింది. కారణంగా నాణ్యత, ముడిసరుకు మూలం అని చెబుతారు. ఆ మధ్య ఇరు దేశాల మధ్య మాటలు ఎలా ఉన్నాయో చూస్తే మిగతాది మీకే అర్థమవుతుంది. 2019లో ఆపేసిన నేరు విమానాలను 2023 మేలో జార్జియాకు తిరిగి వదలడం దీనికి రెండో ముఖం: ట్యాప్ తిప్పేది అటువైపు వాళ్లే.

ఒత్తిడి ఒక్క రష్యా నుంచే రాదు. పడమటి నుంచి కూడా అంతే వస్తుంది, అది బ్యాంకుల రూపంలో వస్తుంది. 2023 డిసెంబరులో అమెరికా ఒక ఉత్తర్వు ఇచ్చింది: రష్యా సైనిక పరిశ్రమకు తోడ్పడే లావాదేవీలు నడిపిన విదేశీ బ్యాంకుల మీద కూడా ఆంక్షలు వేస్తామని. ఆ తర్వాత ఈ ప్రాంతం బ్యాంకులు ఒక్కసారిగా బిగుసుకున్నాయి. 2024 మార్చి ఆఖరుకు ఆర్మేనియా బ్యాంకులు, రష్యా బ్యాంకు వీటీబీకి చెందిన వీటీబీ ఆర్మేనియా తప్ప, రష్యా సొంత చెల్లింపు కార్డులైన మీర్ కార్డుల సేవలు ఆపేశాయి. యుద్ధరంగంలో దొరుకుతున్న భాగాలను బట్టి పాశ్చాత్య దేశాలు 50 హెచ్‌ఎస్ కోడ్‌ల (సరుకు రకాన్ని గుర్తించే కస్టమ్స్ నంబర్ల) జాబితా తయారుచేశాయి. చిప్పులే కాదు, బాల్ బేరింగులు కూడా అందులో ఉన్నాయి. మా చేతిమీదుగా యెరెవాన్‌కు వెళ్లాల్సిన ఒక బేరింగుల లాట్ ఇందులోనే చిక్కింది. కొనేది ట్రాక్టర్లు బాగుచేసే వర్క్‌షాపుల సరఫరాదారు. పాత ఆర్డర్ల కన్నా ఈసారి పరిమాణం బాగా ఎక్కువ. మళ్లీ ఎగుమతి చేయనని లెటర్‌హెడ్ మీద రాసిచ్చాడు, ఏ వర్క్‌షాపుకు ఎన్ని అన్న జాబితా కూడా ఇచ్చాడు. బ్యాంకు ఒప్పుకోలేదు. అతను నిజమే చెప్పాడేమో, కాదేమో, మాకూ తెలిసే దారి లేదు. చివరికి నిజమైన వ్యవసాయ అవసరం ఉన్నవాడు కూడా అనుమానితుడి ధర కట్టాల్సి వస్తుంది. మధ్యవర్తిగా లాభపడిన దేశం మొత్తంగా కట్టే వడ్డీ అది.

జార్జియా ఈ విషయంలో కొంచెం జాగ్రత్తగా కదిలింది. అమెరికా నుంచి పాత కార్లు పోతికి రావడం, రుస్తావి మార్కెట్లో చేతులు మారి కజకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్, అజర్‌బైజాన్, ఆర్మేనియాలకు పోవడం ఎప్పటి నుంచో ఉన్నదే. 2023లో ఈ కార్ల ఎగుమతి 200 కోట్ల డాలర్లు దాటి దేశం ఎగుమతుల్లో మొదటి స్థానానికి వచ్చింది. ఆ ఏడాది ఆగస్టు నుంచి అమెరికా నుంచి వచ్చిన కార్లు రష్యా, బెలారుస్‌లకు తిరిగి ఎగుమతి కాకుండా ఆపారు, సెప్టెంబరు ఆఖర్లో యూరప్ కార్లకూ వర్తింపజేశారు. మూడో దేశానికని వెళ్లిన కారు చివరికి ఎక్కడ తేలిందన్నది వేరే ప్రశ్న.

మోల్డోవా గురించి ఒక ముక్క మిగిలింది. 2022 ఆఖరు నుంచి వాళ్లు ఒక సర్దుబాటు చేసుకున్నారు: గాజ్‌ప్రోమ్ గ్యాసంతా ట్రాన్స్‌నిస్ట్రియాకే వదిలి, తాము యూరప్ మార్కెట్లో గ్యాసు కొని, కుచుర్‌గాన్ కరెంటు మాత్రం చవకగా తీసుకోవడం. 2025 జనవరి 1న ఉక్రెయిన్ మీదుగా రష్యా గ్యాసు ఆగిపోయింది. చలికాలం నడిమధ్య ట్రాన్స్‌నిస్ట్రియాలో ఇళ్లకు వేడి లేకుండా పోయింది, మిగతా మోల్డోవాకు కరెంటు బిల్లు పెరిగింది కానీ దీపాలు ఆరలేదు. 2022లో పడ్డ దెబ్బతో కట్టుకున్న దారులు అప్పుడు పనికొచ్చాయి. వృద్ధి లెక్కల్లో వెనకబడ్డ దేశం రష్యా మీద ఆధారపడటం తగ్గించుకోవడంలో ముందుంది. అంత మాత్రాన మోల్డోవా బాగుందని కాదు, ఆ మూడేళ్లలో అక్కడి జనం కట్టిన ధర చాలా పెద్దది.

ఇక మీ ప్రాజెక్టుకు ఏం చూడాలో చెబుతాను.

మొత్తం వ్యాపారంలో రష్యా వాటా ఎంత అన్న ఒక్క శాతం దగ్గర ఆగకండి. ఒక్కో సరుకు తీసి, ఒకే దేశం నుంచి ఎంత వస్తోందో చూడండి. వైన్ కొనేవాడు పోతే ఆదాయం పోతుంది, గోధుమ అమ్మేవాడు పోతే పిండి ఉండదు. ఇవి ఒకే తూకం కావు.

ఎగుమతుల్లో సొంత సరుకును, తిరిగి ఎగుమతి చేసినదాన్ని విడదీయండి. జార్జియా గణాంక సంస్థ జియోస్టాట్ సొంత ఎగుమతులను విడిగా ఇస్తుంది, దాన్ని వాడండి. ఆర్మేనియాకు 2024 అంకెలు తీసుకుంటే బంగారాన్ని పక్కన పెట్టి కూడా ఒకసారి చూడండి. రష్యా నుంచి వచ్చి ఎమిరేట్స్‌కు వెళ్లిన బంగారం వల్ల మొత్తం లెక్క ఉబ్బిపోతుంది.

వృద్ధి మొత్తాన్ని యుద్ధానికి అంటగట్టకండి. కరోనా తర్వాత పర్యాటకం తిరిగి రావడం కూడా అదే సమయంలో జరిగింది. ఆర్మేనియాకైతే 2023 సెప్టెంబరులో అజర్‌బైజాన్ స్వాధీనం చేసుకున్న కరబాఖ్ నుంచి లక్ష మందికి పైగా శరణార్థులు వచ్చారు, ఆ ఖర్చు, ఆ గిరాకీ వేరే ఖాతా.

చివరిది అద్దం లెక్క. యూరప్ దేశాలు ఆర్మేనియాకు పంపామని చెప్పిన అంకెను, ఆర్మేనియా తనకు వచ్చిందని చెప్పిన అంకెను ఐక్యరాజ్యసమితి వాణిజ్య గణాంకాల డేటాబేసు కామ్‌ట్రేడ్‌లో అదే హెచ్‌ఎస్ కోడ్ మీద పక్కపక్కన పెట్టండి. పంపేవాళ్లు రవాణా ఖర్చు కలపకుండా రాస్తారు, తీసుకునేవాళ్లు కలిపి రాస్తారు కాబట్టి దిగుమతి అంకె కాస్త ఎక్కువగా ఉండటం మామూలే. తలకిందులుగా, వచ్చినదాని కన్నా పంపినది ఎక్కువగా కనబడితే ఆ కోడ్ దగ్గర ఆగండి. 2021కి, 2023కి రెండింటికీ చేయండి, ఒక్క ఏడాదితో ఏమీ తేలదు.